నాలుగు వాక్యాల పరిమళ గారు

1989వ సంవత్సరం జూలై మూడవ తేదీ సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు, జగ్గయ్యపేటలోని కృపాలయం మిషన్ వైద్యశాలలో టైపిస్టుగా బాధ్యతలు స్వీకరించిన శ్రీమతి చాట్ల పరిమళ గారు, ముప్పయ్యేడేళ్లకు మూడు రోజులు మాత్రమే తక్కువైన సుదీర్ఘ సేవానంతరం, 2026 జూన్ ముప్పయ్యవ తేదీ మంగళవారం నాడు, నందిగామలోని మన ప్రధాన వైద్యశాల స్టోర్స్ సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ శుభ సందర్భంలో వెలువడుతున్న అభినందన సంచికలో వారి సేవలను సముచితంగా ప్రస్తుతించవలసిన బాధ్యత, పదిహేనేళ్లుగా వారి ఎదుటి బల్ల దగ్గర కూర్చుంటున్న ఇక్బాల్ మీద పడింది. అయితే, చెప్పొద్దూ, ఈ వ్యాసం రాసిన నాలుగు రోజుల్లోనూ అభినందనలు అందుకోవలసిన మనిషి ఒక్క క్షణం కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. దండలెన్ని తెప్పించాలి, భోజనాలకు ఎంతమంది వస్తారు అని అడిగినవారికి ఊ కొట్టడం, వెంటనే కంప్యూటర్ తెర వంక చూడడం, ఇదీ వారి వరస. ఆ తెర మీద కనపడవలసిన ఒక జవాబు కనపడలేదు.

విషయం ఇది. మన మందుల ఫ్రిజ్ రెండో అరలో పాముకాటు విరుగుడు ఇంజక్షన్ సీసాలు తొమ్మిది మాత్రమే మిగిలాయి. రక్తపింజర కరిచిన ఒక్క మనిషికి తొలి విడతలోనే పది సీసాలు ఎక్కించవలసి వస్తుందని మన ఆసుపత్రిలో ఆయమ్మలకు కూడా తెలుసు. తొలకరి పడి, మెట్టంతా పత్తి గింజలు నాటుతున్న రోజులు. ఒకే వారంలో ముగ్గురికి వాడవలసి రావడంతో నిల్వ అడుగంటింది. పెట్టిన ఆర్డరు సరుకు జూలై రెండో వారం దాకా రాదని కబురొచ్చింది. ఆ అరలో నలభైకి తగ్గితే ఊరుకోనని తొమ్మిదేళ్ల కిందట తనకు తాను మాట ఇచ్చుకున్న పరిమళ గారు, ఖాళీ అరను తర్వాతివారికి అప్పగించి దండ వేయించుకోవడానికి మనసొప్పక, జూన్ ఇరవయ్యారవ తేదీ శుక్రవారం నాడు విజయవాడలోని ఒక పెద్ద ఆసుపత్రిలో స్టోర్స్ చూసే జెరూషా గారికి నాలుగు వాక్యాల ఈమెయిల్ రాశారు. శుక్రవారం గడిచింది, శనివారం గడిచింది, ఉలుకూ పలుకూ లేదు. ఆ నాలుగు వాక్యాలేమిటి, ఆ మాట ఇచ్చుకోవడమేమిటి అని ఈ మధ్య చేరినవారు అడుగుతున్నారు కనుక సంగతి మొదటి నుంచి చెప్పక తప్పదు.

పరిమళ గారి స్వగ్రామం వత్సవాయి. తండ్రిగారైన కీర్తిశేషులు జ్ఞానయ్య మాస్టారు ప్రాథమిక పాఠశాలలో చదువు చెబుతూనే, సాయంకాలాలు చుట్టుపక్కల కూలీనాలీ జనానికి అర్జీలు రాసి పెట్టేవారు. అర్జీ ఎంత పొడుగుంటే అధికారికి అంత మర్యాద చేసినట్టని, అడగవలసిన మాట మొదటే అడిగేయడం మొరటుతనమని, ముందు వినయం, తర్వాత పూర్వాపరాలు, ఆ తర్వాత మరికొంత వినయం, అన్నీ ముగిశాక చిట్టచివర మాత్రమే విన్నపం ఉండాలని మాస్టారి గట్టి నమ్మకం. పక్కన పీట వేసుకు కూర్చుని ఆ అర్జీలకు శుద్ధప్రతులు రాసిపెట్టిన అమ్మాయికి, పన్నెండో ఏటికే, "తమకు సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా" అనే మాట నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా వచ్చేదట. ఆ విద్యను వారు మన ఆసుపత్రికి అరణంగా తెచ్చుకున్నారు.

జగ్గయ్యపేటలో వారు గడిపిన ఏడేళ్లూ ఆ విద్య దేదీప్యమానంగా వెలిగింది. మంచాలు కావాలన్నా, కుట్టు దారం కావాలన్నా పరిమళ గారు టైపు చేసిన లేఖ రెండు పుటలకు తగ్గేది కాదు. 1996లో స్టోర్స్ గుమాస్తాగా నందిగామకు బదిలీ అయ్యారు. మందుల పేర్లు, గడువు తేదీలు, ఏ సీసా ఎంత చల్లదనంలో ఉండాలన్న వివరాలు ఏడాది తిరగకుండా కంఠోపాఠం చేసుకున్నారు. 2009లో స్టోర్స్‌కు కంప్యూటర్ వచ్చింది, ఈమెయిల్ వచ్చింది. తపాలా పోయింది గాని అర్జీ పోలేదు. జ్ఞానయ్య మాస్టారి వాక్యాలే తెర మీదికి ఎక్కాయి. పైగా ఒక కొత్త సౌకర్యం దొరికింది. ఒకే ఉత్తరం ఎంతమందికి కావాలంటే అంతమందికి, ఒక్క మీట నొక్కితే పోతుంది.

ఇక్కడ మన ప్రాంతపు పద్ధతి ఒకటి చెప్పాలి. పెళ్లి పిలుపుల్లో ఒక్క గడప తప్పితే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. మన కార్యాలయాల్లో ఉత్తరాల సంగతీ అంతే. ఒక ఏడాది ప్రతులు అందవలసినవారి జాబితాలో ల్యాబొరేటరీ పెద్దాయన పేరు జారిపోతే, ఆయన ఆరు నెలలు ముఖం మాడ్చుకుని తిరిగారు. నాటి నుంచి పరిమళ గారు ఎవరి మనసూ నొప్పించకూడదని పదకొండు మంది పేర్లు ఒక కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అంటించుకున్నారు. పంచదార కావాలన్నా పదకొండు మందికీ వెళ్లేది. ఎవరూ అలగలేదు. ఎవరూ జవాబు కూడా ఇచ్చేవారు కాదు, కాని ఆ రోజుల్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఇంతవరకు రాసేసరికి ఆదివారం సాయంత్రమైంది. పరిమళ గారు ప్రార్థన ముగించుకుని ఇంటికి వెళ్లక, సెలవు రోజున స్టోర్స్ తాళం తీయించి, ఫ్రిజ్ తలుపు తెరిచి లెక్క చూసి, మూసి, మళ్లీ తెరిచారు. తొమ్మిదే. కంప్యూటర్ పెట్టి చూశారు. ఏమీ లేదు. కాలుగాలిన పిల్లిలా ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగుసార్లు తిరిగి, అభినందన సంచిక ఎంతవరకు వచ్చిందని అడిగి, సమాధానం వినకుండానే వెళ్లిపోయారు.

2017 ఆగస్టు ఇరవై నాలుగో తేదీ, గురువారం. ఆ రోజున విరుగుడు సీసాలు ఆరుకు దిగాయి. పరిమళ గారు యథావిధిగా ఉత్తరం రాశారు. "మందుల నిల్వల స్థితిగతులు, నివేదిక సమర్పణ గురించి" అని విషయం గడిలో పెట్టారు. మొదటి పుటలో ఆ ఏడాది వర్షపాతం, పాముకాటు కేసుల వివరం, గత మూడు సంవత్సరాల వాడకం. రెండో పుట సగం వరకు మన వైద్యశాల చరిత్ర. అడుగున, సంతకానికి పైన, "కావున తమరు దయతో పరిశీలించి తగు చర్య తీసుకొనవలసినదిగా ప్రార్థన." ఎన్ని సీసాలు కావాలో లేదు. ఎప్పటికి కావాలో లేదు. పదకొండు మందికీ పంపి, పని అయిపోయిందన్న తృప్తితో ఇంటికి వెళ్లారు.

శుక్రవారం ఎవరూ పలకలేదు. శనివారం ఫోన్ చేద్దామా అని ఇక్బాల్ అంటే, రాసిన తర్వాత మళ్లీ ఫోన్ చేయడం పెద్దవాళ్లను నిలదీసినట్టుంటుందని వారించారు. తర్వాత విచారిస్తే తెలిసింది: చదివిన ప్రతివారూ అది నివేదిక అనుకున్నారు, చివరిదాకా చదివిన ఇద్దరు ముగ్గురూ, మిగతా పదిమందిలో ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకున్నారు. అందరూ మంచివాళ్లే. ఏ ఒక్కరినీ తప్పు పట్టడానికి లేదు.

సోమవారం మధ్యాహ్నం వత్సవాయి పత్తి చేలో కలుపు తీస్తున్న క్రాంతికుమార్ అనే ఇరవయ్యారేళ్ల యువకుణ్ణి కుడి చేతి మీద రక్తపింజర కరిచింది. మోటారు సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తెచ్చారు. ఉన్న ఆరూ ఎక్కించారు. అవి చాలవు. మిగతా వైద్యానికి అంబులెన్సులో విజయవాడ పంపితే, కంచికచర్ల దగ్గర లారీలు నిలిచిపోయి యాభై నిమిషాలు కదల్లేదు. ప్రాణం దక్కింది. కుడి చేతి వేళ్లు రెండు తీసేయవలసి వచ్చింది. పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

ఆ మర్నాడు, మంగళవారం, అతని తల్లి పుల్లమ్మ గారు విజయవాడ నుంచి బస్సులో నందిగామ వచ్చారు. ఆమెకు అక్షరం ముక్క రాదు. స్టోర్స్ గుమ్మంలో చెప్పులు విడిచి, ఎవర్ని అడగాలో తెలుసుకుని, నేరుగా పరిమళ గారి బల్ల ముందుకొచ్చి నిలబడ్డారు. ఆమె మాటలు ఇక్బాల్‌కు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"నేను నిన్న పాము కరిచిన పిల్లోడి తల్లినమ్మా. ఇక్కడ ఎన్ని ఇంజిషన్లు పడ్డయ్యో, ఏ టయానికి పడ్డయ్యో బెజవాడ డాక్టరు కాయితం అడిగాడు. రేపు పొద్దున పదింటికల్లా చేతిలో పెట్టాల. మీరు రాయలేనంటే ఎవరి దగ్గరికి పోవాలో చెప్పండి, ఇప్పుడే పోతా."

పరిమళ గారు ఆ కాగితం ఐదు నిమిషాల్లో రాసి, డాక్టరు గారి సంతకం పెట్టించి, ఆమె చేతికిచ్చారు.  ఇరవై ఎనిమిదేళ్లుగా తాను రాసిన ఏ ఉత్తరానికీ ఇంత వేగంగా పని జరగలేదు. పుల్లమ్మ గారు కాగితం మడిచి రొంటిన దోపుకుంటూ ఒక్క మాట అడిగారు, ఆ మందు అయిపోబోతున్నదని మీకు ముందే తెలుసా అని. అబద్ధం చెప్పడం పరిమళ గారికి చేతకాదు. తెలుసునని, గురువారమే పదకొండు మందికి రాశానని చెప్పారు.

"పదకొండు మందిని అడిగితే ఎవరిస్తారమ్మా? ఒకర్ని అడగాల," అన్నారు పుల్లమ్మ గారు. తిట్టలేదు, గొంతు పెంచలేదు. బస్సు టైమైందని వెళ్లిపోయారు.

పరిమళ గారు ఆ రోజు భోజనం చేయలేదు. ఒక తల్లి కళ్లలోకి చూసి, మీ అబ్బాయి చెయ్యి నా రెండు పుటల మర్యాద కింద నలిగిపోయిందని చెప్పుకోవలసి రావడం ఎంత నరకమో, అది పడ్డవారికే తెలుస్తుంది. సాయంత్రం కంప్యూటర్ పక్కన అంటించిన పదకొండు పేర్ల కాగితాన్ని పీకేశారు. ఆ చోట తెల్ల కాగితం అంటించి, పుల్లమ్మ గారు అడిగిన తీరును ఆ వరసలోనే రాసుకున్నారు: మేం ఎవరం; ఏం కావాలి, ఎంత; ఎప్పటికి; మీ వల్ల కాకపోతే ఎవర్ని అడగాలి. తన గురువు పుల్లమ్మ గారేనని వారు ఎవరి దగ్గరా దాచుకోలేదు. నలభై సీసాల మాట కూడా ఆ సాయంత్రమే ఇచ్చుకున్నారు.

ఆ తెల్ల కాగితం మొదటి ఫలితం మర్నాడే కనిపించింది. ఖమ్మం వైపు ఒక ఆసుపత్రికి ఫోన్ చేసి అక్కడ స్టోర్స్ ఎవరు చూస్తారో కనుక్కుని, ఆ మనిషి పేరుతో, ఆ మనిషికి మాత్రమే, నాలుగు వాక్యాలు రాశారు. విషయం గడిలో "పాముకాటు విరుగుడు ఇరవై సీసాలు, శుక్రవారం లోపల" అని పెట్టారు. రాస్తున్నంతసేపూ ఒకటే బెంగట. ఇంత కురచగా రాస్తే ఎంత పొగరనుకుంటారో అని. నలభై నిమిషాల్లో జవాబు వచ్చింది. అంతటితో ఊరుకోలేదు, నెల తర్వాత ఆయనకే మళ్లీ రాశారు, మీరు పంపిన వాటిలో పది ఫలానా ఊరి రైతుకు వాడాం, మనిషి తన కాళ్ల మీద నడిచి ఇంటికి వెళ్లాడు అని. ఇచ్చిన సాయం ఏమైందో చెప్పినవారు తన ఉద్యోగంలో మీరొక్కరేనండి అని ఆయన జవాబు. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ కాదనలేదు.

ఈ మార్పు మిగతావారికి అంత సులువుగా మింగుడు పడలేదు. ఇక్బాల్ సంగతే చూడండి. ఫ్రిజ్ మరమ్మతు మనిషిని పంపమని కంపెనీకి ఒకటిన్నర పుట రాసి, రెండు ఫోటోలు, ఒక పాత రసీదు, కొనుగోలు పత్రం అన్నీ జత చేసి, మహా గర్వంగా చూపించాడు. పరిమళ గారు కళ్లజోడు సవరించుకుని ఓపికగా అంతా చదివారు.

"ఇక్బాల్ గారూ, ఇందులో మీరు అడిగేది ఏ పేజీలో ఉందండి?"

వెతికితే లేదు. అడగడం మర్చిపోయాడు. ఆ రోజు నుంచి స్టోర్స్‌లో ఎవరి ఉత్తరమైనా ఆ ప్రశ్న దాటకుండా బయటికి పోలేదు. ఇంకో పట్టింపు కూడా ఉండేది వారికి. ఎదుటివారు కాదనడానికి వీలుండాలి అనేవారు. కాదనే దారి మూసేసి అడిగితే మనుషులు కాదనరు, మాయమైపోతారు అని. అక్కడా ఇక్కడా "దయచేసి" మిగిలేది, దానికి వారేమీ అనేవారు కాదు. ఒకసారికి మించి కనపడితే మాత్రం పెన్సిలుతో సున్నా చుట్టేవారు.

2019లో సూపరింటెండెంటుగా పదోన్నతి పొందారు. ఆ ఏడే మన ఆసుపత్రి వాహనానికి డ్రైవరు కావలసి వస్తే, దరఖాస్తు చేసిన వారిలో క్రాంతికుమార్ ఒకరు. మూడు వేళ్లు మిగిలిన చేత్తో బండి నడపగలరా అని పెద్దలు సందేహిస్తే, నడిపి చూపించమందాం అన్నారు పరిమళ గారు; చూపించారు, ఉద్యోగం వచ్చింది. 2021 వేసవిలో ఆక్సిజన్ అందక ఊళ్లు అల్లాడిన రోజుల్లో, సిలిండర్లకు బిగించే మీటర్ల కోసం ఇరవై మూడు మందికి ఇరవై మూడు ఉత్తరాలు, ఒక్కొక్కటీ ఆ మనిషి పేరు మీద, ఒక్కొక్కదానిలో ఆ మనిషి ఇవ్వగలిగినదే అడుగుతూ రాశారు. పందొమ్మిది మంది ఇచ్చారు. ఇవ్వలేని నలుగురూ క్షమించమని రాశారు. ఇంతటి అనుభవం ఉండి కూడా, తీరా పదవి దిగిపోయే వారంలో రాసిన ఉత్తరానికి జవాబే రాకపోవడం వారిని ఎంత కలవరపెట్టిందో ఊహించుకోవచ్చు.

సోమవారం ఉదయం పది గంటలు. ఇంకా తొమ్మిదే. రాత్రి వాన పడింది కనుక ఈపాటికి చేలల్లో జనం ఉంటారు. ఇది చదువుతున్న కుటుంబ సభ్యులకు తెలుసు, వారం రోజులుగా ఆమెకు సరైన నిద్ర లేదు. స్టోర్స్ సిబ్బంది మేమంతా బల్ల చుట్టూ చేరి, ఇక పట్టింపులకు పోకుండా తెలిసిన వాళ్లందరికీ ఒకేసారి పంపేద్దామని, ఎవరో ఒకరు పలక్కపోరని ఒత్తిడి చేశాం. ఇక్బాల్ అందరికంటే ఎక్కువ చేశాడు, ఒప్పుకోవాలి. పరిమళ గారు మెత్తబడ్డారు. కుర్చీలో కూర్చుని ఒక్కొక్క చిరునామాయే టైపు చేయడం మొదలెట్టారు. ఒకటి, రెండు, ఆరు, తొమ్మిది. పదకొండో పేరు దగ్గర చెయ్యి ఆగింది. తెర మీద వరసగా ఉన్న ఆ పేర్లను పైనుంచి కిందికి ఒకసారి లెక్కపెట్టారు.

"అప్పుడూ ఇంతే కంగారు పడ్డామండి," అన్నారు మెల్లగా. "కంగారులో పదిమందిని పిలిస్తే మన గుండె దడ తగ్గుద్దిగాని, పని అవదు."

పేర్లన్నీ చెరిపేశారు. తొమ్మిదేళ్ల కిందట ఏ పని నిలదీసినట్టుంటుందని మానుకున్నారో, ఆ పనే చేశారు. జెరూషా గారికి రెండో ఉత్తరం రాశారు: శుక్రవారం రాసింది మీకు అందిందో లేదో తెలియక మళ్లీ రాస్తున్నానని, సీసాలు సర్దలేకపోయినా ఏమీ అనుకోనని, ఈ మధ్యాహ్నం ఒంటిగంటలోపు కాదని చెప్పినా తనకు మేలే, వెంటనే ఇంకొకర్ని అడుగుతానని. ఆపైన ఆ ఆసుపత్రి టెలిఫోను నంబరుకు చేసి, జెరూషా గారి బల్ల మీదికి మాట అందేలా చెప్పించారు. ఆ తర్వాత తెర వంక చూడకుండా ఉండడానికి పాత రిజిస్టర్లకు అట్టలు వేయడం మొదలెట్టి, మూడు అట్టలు తలకిందులుగా వేశారు.

పన్నెండూ నలభైకి జవాబు వచ్చింది. జెరూషా గారు శుక్రవారం, శనివారం సెలవులో ఉన్నారట. వచ్చేసరికి నాలుగొందల మెయిళ్లు పేరుకుని ఉన్నాయట. ఫోన్ మాట విని, విషయం గడిలోనే ఎన్ని సీసాలో, ఎప్పటికో ఉండడంతో వెతకగానే దొరికిందట. అడిగిన ముప్పై ఒకటీ ఇవ్వలేనని, పన్నెండు ఇవ్వగలనని, మిగతావాటికి తమ దగ్గర్లోనే ఇంకో ఆసుపత్రిలో జయమణి గారిని అడగమని, ఆమెకు తానే చెప్పి ఉంచుతానని రాశారు. నాలుగో వాక్యం పని చేసింది. జయమణి గారు ఇరవై ఇస్తామన్నారు. అప్పటికి ఒంటిగంట దాటింది. ఐస్ పెట్టె వేసుకుని క్రాంతికుమార్ బయల్దేరారు.

రెండు ఆసుపత్రుల్లోనూ సరుకు చేతికొచ్చి, తిరుగు ప్రయాణంలో ఐదున్నరకు ఆయన నుంచి ఫోన్. "కంచికచర్ల దగ్గర ఆగిపోయానండి. లారీలు కదలట్లే. పెట్టె చల్లగానే ఉందండి, కంగారు పడబాకండి." పరిమళ గారు సరే బాబూ అని ఫోన్ పెట్టేశారు. వెంటనే గేటు దగ్గరికి నడిచారు. వాచ్‌మన్ కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఆ రహదారి మీద, ఆ ఊరి దగ్గర, ఆ మనిషే ఒకనాడు ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని యాభై నిమిషాలు పడి ఉన్నాడన్న సంగతి మాలో ఎవరమూ పైకి అనలేదు. అందరం ఏదో ఒక సాకు చెప్పుకుని గేటు దగ్గరే తచ్చాడాం.

ఏడుంబావుకు బండి లోపలికొచ్చింది. క్రాంతికుమార్ పెట్టె దించి, స్టోర్స్‌లోకి తెచ్చి, ఆ మూడు వేళ్ల కుడి చేత్తో ఒక్కొక్క డబ్బా తీసి అందిస్తుంటే పరిమళ గారు రెండో అరలో సర్దారు. నలభై ఒకటి. మళ్లీ లెక్కపెట్టారు. నలభై ఒకటే. అప్పుడు కుర్చీలో కూలబడి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. క్రాంతికుమార్ ఖాళీ పెట్టెకు మూత వేస్తూ, "మా అమ్మ రేపు ఫంక్షనుకి వస్తానందండి," అన్నారు. రమ్మనండి, ముందు వరసలో కూర్చోబెడదాం అన్నారు పరిమళ గారు, ముక్కు తుడుచుకుంటూ.

ప్రెస్సు వారిచ్చిన గడువు మంగళవారం ఉదయం. అందుచేత ఇక్బాల్ సోమవారం రాత్రే ఈ వ్యాసం చివర వారి సద్గుణ సంపదను, వినయ విధేయతలను, కార్యదక్షతను, భావి జీవిత సుఖశాంతులను ఏకరువు పెడుతూ ఒకటిన్నర పుట ముగింపు రాసి, మర్యాదకు వారికే చూపించాడు. కళ్లజోడు సవరించుకుని అంతా చదివారు. చాలా బాగుందన్నారు. ఆ తర్వాత, ఎప్పుడూ అడిగే ప్రశ్నే, కాకపోతే ఈసారి నవ్వుతూ, ఇందులో మీరు నన్ను అడిగేది ఏ పేజీలో ఉందండి అన్నారు. వెతికితే లేదు. కనుక ఆ ముగింపును చించేసి, వారు నేర్పిన పద్ధతిలోనే, ఒక్కరికే, మళ్లీ రాయడమైనది.

పరిమళ గారికి,

మేము మీ చేతి కింద పని చేసి, అడగడం నేర్చుకున్న స్టోర్స్ విభాగం వాళ్లం. మాకు మీ నిండు నూరేళ్లలో మిగిలిన నలభై ఏళ్లూ పూర్తి ఆరోగ్యంతో, కంటినిండా నిద్రతో కావాలి, నలభైకి ఒక్కటి తగ్గినా ఒప్పుకోం. ఇది జూలై ఒకటో తేదీ పొద్దున తొమ్మిది గంటల నుంచే మొదలవ్వాలి. మీ వల్ల కాదంటే ఎవర్ని అడగాలో చెప్పండి, మాకు ఇంకెవరూ తెలియదు.

ప్రతులు: ఎవరికీ పంపలేదు.

షేక్ ఇక్బాల్,
స్టోర్స్ విభాగం, కృపాలయం, నందిగామ